రామకృష్ణయ్య ఇంట్లో కరెంటు దర్యాప్తు

మా బావ రామకృష్ణయ్యకు ఒకే ఒక జబ్బు ఉండేది. ఇంట్లో గానీ మండీలో గానీ ఏ తప్పు జరిగినా దాని మూలం కనుక్కునేదాకా అన్నం ముట్టడు. కనుక్కున్న మూలం మాత్రం ఏనాడూ మనిషి అయ్యుండేది కాదు.

ఆదోని పత్తి బజారులో ఆయన మండీ పేరున్నది. ఊళ్ళో రామకృష్ణయ్యలు చాలామంది ఉన్నా, దర్యాప్తు రామకృష్ణయ్య అంటే చాలు, జట్కావాడు నేరుగా మా అక్క జయమ్మ గుమ్మం ముందు దించేవాడు. నేను ఆ మండీలోనే పని నేర్చుకుంటూ వాళ్ళింట్లోనే తిని, వాళ్ళ అరుగుమీదే పడుకునేవాణ్ణి. అందువల్ల ఆయన దర్యాప్తులన్నిటికీ నేను శాశ్వత సాక్షిని.

ఆయన పద్ధతి ఆయనది. కండువా తలకు చుట్టి, నడవ మధ్యలో పీట వేసుకుని కూర్చునేవాడు. "అందరూ రండి. ఆ పొద్దు ఎవరు యాడ ఉంటిరో ఆడనే నిలబడండి. ఏం చేస్తాంటిరో అదే చేయండి" అనేవాడు. నిద్రపోతున్నవాడు మళ్ళీ నిద్రపోవాలి. దగ్గినవాడు మళ్ళీ దగ్గాలి.

ఒకసారి నేతి గిన్నె సగానికి దిగిపోయింది. బావ గిన్నె వాసన చూశాడు, కిటికీ చూశాడు, మా అందరి చేతులూ వాసన చూశాడు. చివరికి తీర్పు చెప్పాడు.

"ఎండ."

"ఎండ నెయ్యి తింటుందా?" అంది మా అక్క.

"మన ఆదోని ఎండ చెరువులే తాగుతాంది. గిన్నెడు నెయ్యి దానికొక లెక్కనా?"

ఇంకోసారి మండీలో పత్తి గోతం నిలువునా చిరిగి, పత్తంతా దారిలో పడింది. గోతాన్ని దించింది హమాలీ ఉచ్చీరప్ప. చేతిలో కొక్కెం కూడా ఉంది. పాపం వణికిపోతున్నాడు. బావ బండి చుట్టూ తిరిగి తిరిగి, ఎద్దు కొమ్ము తగిలి చిరిగిందని తేల్చాడు. ఉచ్చీరప్ప అమాయకుడు, ఊరుకోవచ్చు కదా! "సామీ, ఈ ఎద్దుకు కొమ్ముల్లేవు" అన్నాడు.

"లేవు గనకనే నాకు అనుమానం. యాడ పోగొట్టుకునిందో అడుగు దాన్ని."

మండీ అంతా పొట్ట చేత పట్టుకుని నవ్వింది. ఇంత తెలివితక్కువ దర్యాప్తు చేసే మనిషి అంత వ్యాపారం ఎట్లా చేస్తున్నాడో నాకు అర్థమయ్యేది కాదు.

ఇక కరెంటు సంగతి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. బావ ఇంట్లో కరెంటు పెట్టించి ఎంతో కాలం కాలేదు. వైశాఖంలో కొడుకు వెంకటసుబ్బయ్యకు ఎమ్మిగనూరు సంబంధం చేశారు. పెళ్ళికూతురు ప్రభావతి జ్యేష్ఠంలో, తొలకరి వానతోపాటే కాపురానికి వచ్చింది. ఆమె వచ్చిన మూడోనాడో నాలుగోనాడో, సరిగ్గా దీపాల వేళ టప్పుమని ఇల్లంతా చీకటి అయింది. గుమ్మం పక్కనున్న పింగాణి ఫ్యూజులో తీగ కాలిపోయింది.

కొత్త తీగ వేశారు. మర్నాడు దీపాల వేళకు మళ్ళీ టప్! ఆ మర్నాడూ అంతే.

వైరింగు చేసే హుసేనప్ప వచ్చి ఫ్యూజు మొహం చూసి, "లోడు ఎక్కువైంది శెట్టీ" అన్నాడు.

"ఉండేది నాలుగు బల్బులు, ఒక రేడియో. ఏం లోడప్పా?"

"అయితే లావు తీగ ఏస్తా. ఇంక జన్మలో కాలదు."

"వద్దు. అది ఊరికే కాలదు, యాడో తప్పు జరిగితేనే కాల్తాంది. నిజం చెప్పేదాని నోరు కట్టేస్తావా? సన్న తీగే వెయ్యి" అన్నాడు బావ.

ఇదంతా ఒక ఎత్తు, తులసమ్మ గారు ఒక ఎత్తు. ఆమె బావకు అక్క. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తల్లిలేని తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగు లేదు. మడి ఆచారం గట్టిది. మడిలో ఉన్నప్పుడు స్విచ్చి ముట్టదు. అందుకని దేవుడి గదిలో రెండు పూటలా బల్బు వెలిగించే పని కొత్త కోడలికి అప్పగించింది. స్విచ్చి నడవలో ఉంది. ప్రభావతి పసుపు చేత్తో స్విచ్చి నొక్కడం, ఇల్లు చీకటి కావడం!

"ఈ పిల్ల చెయ్యి పడితే దీపం ఆరిపోతాంది రామకృష్ణా" అంది తులసమ్మ గారు.

"కరెంటుకు చేతులతో ఏం పని అక్కా?"

"సంధ్యవేళ దీపం కొండెక్కేది మంచిదా? ఆషాఢం వస్తాంది. ఎట్లైనా పుట్టింటికి పోయేదే కదా, పోనీ. మళ్ళీ పిలిచేది నిదానంగా చూస్తాం."

నిదానంగా అంటే ఇక పిలవకపోవడమేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటసుబ్బయ్య నేల చూపులు చూశాడు. ప్రభావతి ఆ పూట అన్నం కలిపింది గానీ తినలేదు.

బావ కండువా తలకు చుట్టాడు.

మొదటి ముద్దాయి రేడియో. దాన్ని విప్పి, దుప్పటి కప్పి, మూలగదిలో పెట్టి తలుపు వేశాడు. సాయంత్రం టప్! రేడియో నిర్దోషి అని తేలింది. ఆ పైన వంటింటి బల్బు, నడవ బల్బు, అరుగుమీది బల్బు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. మేం చీకట్లో ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ తిరిగాం. అయినా టప్! చివరికి బల్బులన్నీ మళ్ళీ బిగించి, ఒక సాయంత్రం ప్రభావతిని స్విచ్చి ముట్టవద్దన్నాడు. ఆ సాయంత్రం మిగతా బల్బులన్నీ చక్కగా వెలిగాయి.

"చూసినావా? నీ దర్యాప్తే చెప్పింది" అంది తులసమ్మ గారు.

బావ లేచి తానే స్విచ్చి నొక్కాడు. టప్!

"నా చేతికి కూడా పోయింది కదక్కా!"

"మామకు కూడా అంటుకునింది" అంది ఆమె, ఏమాత్రం తడుముకోకుండా.

ప్రభావతి స్తంభం వెనక నిలబడి, "మామా, నా చెయ్యే మంచిది కాదేమో. నన్ను పంపించేయండి" అంది ఏడుపు గొంతుతో.

"పొద్దున నీవు ఇదే స్విచ్చి వేస్తే బల్బు వెలిగింది కదమ్మా. నీ చెయ్యి పొద్దున మంచిదై సాయంత్రానికి చెడ్డదవుతుందా? పోయి అన్నం తిను" అన్నాడు బావ. తాను మాత్రం తినలేదు. పొద్దుటికీ సాయంత్రానికీ ఈ ఇంట్లో ఏం మారుతోంది అని గొణుక్కుంటూ, గోడ మీద వైరు వెంట తల ఎత్తి నడిచాడు. ఆ వైరు నడవలోంచి తులసమ్మ గారి మడిగదిలోకి దూరి, అటునుంచి దేవుడి గదికి పోతుంది. మడిగది గుమ్మం దగ్గర ఆయన నడక ఆగింది. ఆ గదిలోకి ఇంకొకరు అడుగు పెట్టరు. హుసేనప్ప కూడా ఇల్లంతా చూశాడు గానీ అది చూడలేదు.

మర్నాడు సాయంత్రం తులసమ్మ గారు తులసికోట దగ్గర ఉండగా, బావ ఫ్యూజు పీకి నా గుప్పిట్లో పెట్టాడు. "నేను చెప్పేదాకా ఎవరికీ ఇయ్యద్దు" అని చెప్పి పెరట్లోకి పోయి, బావి దగ్గర నెత్తిన నీళ్ళు కుమ్మరించుకున్నాడు. సాయంత్రం పూట స్నానం చేసిన పాపాన ఎన్నడూ పోని మనిషి! తడిపంచెతో, "గోవిందా గోవిందా" అని అరుస్తూ మడిగదిలోకి దూరాడు. నేను గుమ్మం బయటే కాపలా నిలబడి లోపలికి తొంగి చూశాను.

పైకప్పు కింద ఎత్తుగా దండెం. దాని మీద మర్నాటి మడికి ఉతికి ఆరేసిన తులసమ్మ గారి చీర, నీళ్ళు కారుతూ ఉంది. మామూలుగా ఆ చీర పెరట్లో ఎవరూ తాకని మూల ఆరేది. ఈసారి వానల వల్ల లోపలికి వచ్చింది. ఆమె కింద నిలబడి కర్రతో చీరను పైకి తోస్తుంది కదా, కొస ఎక్కడ పడిందో కనపడదు. పడింది సరిగ్గా జోడు తీగల అతుకు మీద! అతుకుమీది గుడ్డ పట్టీ నాని ఊడిపోయింది. పొద్దునకు చీర ఆరిపోతుంది, తీసి కట్టుకుంటుంది, బల్బు వెలుగుతుంది. సాయంత్రం మళ్ళీ తడిచీర రెండు తీగల్నీ కలిపేస్తుంది, స్విచ్చి వేయగానే టప్!

బావ స్టూలు ఎక్కి చాలాసేపు చూశాడు. చీర కొసన కమిలిన మచ్చ ఉంది. కర్ర తీసుకుని, చీరను జాగ్రత్తగా పక్కకు జరిపి, అతుకును పొడిగుడ్డతో తుడిచి దిగాడు. బయటికి వచ్చి, తడిపంచెతోనే పీటమీద కూర్చున్నాడు. అందరూ చేరారు.

"ముద్దాయి దొరికినాడు."

"ఎవరు?" అంది తులసమ్మ గారు.

"బల్లి."

వెంకటసుబ్బయ్య నోరు తెరిచాడు. "బల్లా నాయనా?"

"దీపం పురుగుల కోసం సందకాడ వస్తాంది. తీగల అతుకు మీద కాలు పెడ్తాంది. టప్!"

"రోజూ కరెంటు తగిలితే అది చావదా?"

"మొండిది."

"నా మడిగదిలో బల్లి తిరుగుతాందా?" అని తులసమ్మ గారు గుండెమీద చెయ్యి వేసుకుంది.

"దాన్ని ఏమీ అనద్దక్కా. పాపం అదీ మడిగానే ఉండాది."

ఫ్యూజు పెట్టించి, ప్రభావతిని పిలిచి స్విచ్చి వేయమన్నాడు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని నొక్కింది. దేవుడి గదిలో బల్బు వెలిగింది. మా అక్క ఏడ్చేసింది. బావ మాత్రం "ఇంక అన్నం పెట్టు" అన్నాడు.

మర్నాడు హుసేనప్పతో వైరు మడిగదిలోంచి పూర్తిగా తీయించి, నడవ గోడమీదుగా దేవుడి గదికి తిప్పించాడు. మండీలో ఒంటరిగా దొరికినప్పుడు నేను ఉండబట్టలేక అడిగేశాను.

"బావా, నేను చూసినాను. బల్లి యాడుంది?"

ఆయన పత్తి పింజ చేతిలో నలుపుతూ, "తప్పు ఎవరిదో తెలుసుకోవాల. లేకుంటే అది ఆగదు. తెలిసినాక ఊరంతా చెప్పాల్నని యాడుందప్పా?" అన్నాడు. "మా అక్క ఒక ఆడపిల్లమీద నింద వేసింది. అది తన చీర చేసిన పని అని తెలిస్తే ఆ ముసలి ప్రాణం ఆ పిల్ల మొహం ఎట్లా చూస్తుంది? వాళ్ళిద్దరూ ఒకే వంటింట్లో బతకల్ల."

అప్పటికి గానీ నాకు ఆ కొమ్ముల్లేని ఎద్దు అర్థం కాలేదు. ఆ గోతం కొక్కెం తగిలి చిరిగిందని తేలి ఉంటే బజారులోని మిగతా మండీలవాళ్ళు ఉచ్చీరప్పను మళ్ళీ తమ గుమ్మం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఇన్నాళ్ళూ ఆయన్ను చూసి నవ్వినందుకు నాకేం సిగ్గు వేయలేదు. నవ్వాలనే కదా ఆయన ఆ తీర్పులు చెప్పింది!

ఆషాఢం వచ్చింది. ప్రభావతిని ఎమ్మిగనూరు బస్సు ఎక్కించడానికి గుమ్మంలో జట్కా ఆగింది. తులసమ్మ గారు తానే బొట్టుపెట్టి, ఒడిలో పండ్లు వేసి, చాలాసేపు ఆ పిల్ల చెయ్యి వదలలేదు.

"శ్రావణం పడిన రోజే వచ్చేయాల. సాయంత్రం ఈ ఇంట్లో దీపం నీవు వెలిగిస్తేనే నాకు బాగుంటాది" అంది.

ప్రభావతి ఆమె కాళ్ళకు మొక్కి జట్కా ఎక్కింది. తులసమ్మ గారు వెనక్కి తిరిగి, చీర కొసన కమిలిన మచ్చను వేళ్ళతో తడుముతూ బావను అడిగింది.

"రామకృష్ణా, ఆ బల్లి మళ్ళీ కనబడిందా?"

"లేదక్కా. యాడికో పోయింది."

"దొరికితే కొట్టద్దు నాయనా. ముసలిదై ఉంటాది, కండ్లు ఆనక చేసింటాది."

అన్ని దర్యాప్తులు చేసిన మా బావ కండువాతో మొహం గట్టిగా తుడుచుకుని, బస్సు పోతాందని జట్కావాణ్ణి కేకలేశాడు.