మూడో వరుసలో నిలబడిన వదిన

మొన్న రక్తపోటు మాత్రల కోసం చిల్కానగర్ బస్తీ దవాఖానాకు వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. నా ముందున్న ఆవిడ నర్సుతో ఏదో చెప్పబోయి ఆగింది. మా మనవరాలి వయసున్న ఆ నర్సు మమ్మల్నందరినీ ఒకసారి చూసి, ఆమెను లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. అంతే జరిగింది. పక్కవాళ్లు తమ కబుర్లలో తామున్నారు, నాకు మాత్రం ముఖం వేడెక్కిపోయింది.

ఎనభైల చివరి మాట. మావారు పరిశోధనశాలలో పనిచేసేవారు, హబ్సిగూడ క్వార్టర్సులో ఉండేవాళ్లం. పిల్లలు బడికి వెళ్లాక పొద్దుపోక, నాలాంటి మరో నలుగురు నడిపే చిన్న మహిళా సంఘంలో చేరాను. మల్లాపూర్ ఫ్యాక్టరీల వెనక బస్తీలో, ఎండాకాలం పెనంలా కాలిపోయే ఒక రేకుల గదిలో, బుధవారం బుధవారం ఆడవాళ్లకు ఆరోగ్యం గురించి చెప్పడం మా పని. మూడు వారాల శిక్షణ, చేతిలో బొమ్మల చార్టు, ఒంటి మీద గంజి పెట్టిన చీర, ఇంకేం కావాలి, నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఆకుకూరలు తినమని, నీళ్లు కాచి తాగమని నేను చెబుతుంటే, పొద్దుటి షిఫ్టు దిగి వచ్చిన ఆ తల్లులు గోడకు ఆనుకుని కునుకుతూ వినేవారు.

వాళ్లలో ఒకామెను బస్తీ అంతా వదిన అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. భువనగిరి వైపునుంచి వచ్చిన కుటుంబం. సీసాలు కడిగే షెడ్డులో పొద్దస్తమానం తడినేల మీద గొంతుక్కూర్చుని కడగడం, నిండిన డబ్బాలు ఎత్తి లారీ దగ్గర పెట్టడం ఆమె పని. రెండు నెలలపాటు వచ్చి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. ఒక బుధవారం అందరూ లేచాక, చాప చుట్టడానికి సాయం పట్టినట్టు పట్టి, "జర నిలువమ్మా, నీతోని ఒక ముచ్చట జెప్పాలె" అంది.

మూడో కాన్పు తర్వాత ఆమెకు గర్భసంచి కిందికి జారిందట. అయిదేళ్లుగా గుడ్డ ఉండలా చుట్టి లోపల అదిమిపెట్టుకుని, ఆ బరువులన్నీ మోస్తోంది. "మా అమ్మకు గూడ జెప్పలే. నువ్వు ఎవ్వరికి జెప్పకమ్మా" అంది. చెప్పనని ఆమె చేతిలో చెయ్యి వేశాను. ఆ వారమే సికింద్రాబాద్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ గర్భసంచి జారకుండా తాత్కాలికంగా లోపల రింగు పెట్టి, నెల తర్వాత ఆపరేషన్‌కు రమ్మంది. తిరిగి వస్తూ ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగాక ఆమె నవ్వడం మొదటిసారి చూశాను.

ఇక్కడితో ఆగి ఉంటే నేను మంచిదాన్నే.

ఇంకో రెండు వారాలకు మా సంఘం పని చూడటానికి నగరం నుంచి పెద్దవాళ్లు వచ్చారు. మీ వల్ల ఎవరికైనా మేలు జరిగిందా అని వాళ్లు అడిగిన ఆ ఒక్క క్షణంలో, మెప్పుకోసమే సుమా, మరి దేనికీ కాదు, నేను లేచి వదిన కథంతా చెప్పేశాను. ఏ జబ్బో, ఎన్నేళ్లో, గుడ్డ సంగతితో సహా. అదీ చాలక, మూడో వరుసలో తల వంచుకుని కూర్చున్న ఆమెను లేచి నిలబడమన్నాను. నేను చెప్పాను గనక ఆమె నిలబడింది. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మావారికి ఆ చప్పట్ల గురించే చెప్పాను.

ఆ తర్వాతి బుధవారం ఆమె రాలేదు. ఆపరేషన్ రోజున ఫ్లాస్కులో పాలు పోసుకుని ఆసుపత్రి గేటు దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడ్డాను, రాలేదు. మర్నాడు ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే, గడపలో బియ్యం ఏరుతూ కనిపించింది. పీట వేసింది, మంచినీళ్లిచ్చింది. కోపం కాదు, ముఖంలో ఏమీ లేదు.

"మా మరిది ఆ దినం కుర్సీలెయ్య వచ్చి దర్వాజ కాడనే ఉండె. షెడ్డుల అందరికి ఎరికైంది. మొగోళ్లు నన్ను జూసి నగుతున్నరు. ఇగ ఏ మొఖం వెట్టుకొని దవాఖానకు వోదునమ్మా?"

తప్పయింది వదినా అనాలి నేను. అనలేదు. జబ్బుకు సిగ్గుపడకూడదని, చదువు లేకపోవడం వల్ల ఇలాంటి భయాలు వస్తాయని, చార్టు ముందు నిలబడి చెప్పినట్టే ఆమె గడపలో కూర్చుని పావుగంట పాఠం చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి, అంతా విని, "నీకేందమ్మా, ఎన్నన్న జెప్తవ్. ఆ రోగం నీది గాదు గద" అంది.

నెల తిరక్కుండా వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. ఊరికి పోయిన్రు అంది పక్కింటామె. ఆపరేషన్ చేయించుకుందో, ఆ రింగుతోనే బరువులు మోసిందో నాకు తెలియదు. తర్వాత మా రేకుల గదిలో దుప్పటి అడ్డం కట్టించి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే ఏర్పాటు చేశాను. ఎంత ముందుచూపో అని సంఘంలో అందరూ మెచ్చుకుంటే, ఆ బుద్ధి ఎలా వచ్చిందో చెప్పకుండా ఊరుకున్నాను.

నా యాభయ్యో ఏట నాకూ గర్భసంచి తీసేశారు. తోడికోడలికి కూడా చెప్పుకోలేక, అందరితో కడుపులో గడ్డ అన్నాను.

ఇప్పుడు మల్లాపూర్‌లో ఆ షెడ్ల చోట అపార్టుమెంట్లు లేచాయి. మా కోడలూ, మనవరాలూ ఒంటి సంగతులు భోజనాల దగ్గరే మాట్లాడుకుంటారు. వింటూ సంతోషిస్తాను, మంచి కాలం వచ్చింది. వదిన బతికుంటే డెబ్బై దగ్గర పడుతుంటుంది. వెతుకుదామని ఎన్నోసార్లు అనుకున్నాను గానీ, ఊరు పేరు ఎప్పుడూ అడగలేదు. ఆమె సొంత పేరు మా సంఘం రిజిస్టరులో నా చేత్తోనే రాశాను, అది కూడా గుర్తు లేదు. పేరు పక్కన రాసిన జబ్బు మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.