ఏటికి కట్టు, చేనుకు మందు

అపిసాయికి ఒక చోట కుదురుగా కూర్చునే గుణం పుట్టుకతోనే లేదు. చర్చిలో పాస్టరు ప్రార్థన చేస్తుంటే ఊరంతా కళ్లు మూసుకుంటుంది. ఇతగాడు మాత్రం కూర్చున్న చాప అంచున లేచిన పోగులు పీకుతుంటాడు. కలుపు పీకీ పీకీ ఆ వేళ్లకు అదే పనైపోయింది. భార్య లొసాలిని మోచేత్తో పొడిస్తే ఒక్క క్షణం ఆపుతాడు. ఆమె కళ్లు మూసుకోగానే మళ్లీ మొదలెడతాడు.

అలాగని ఆ చేతుల్ని ఎవరూ ఆడిపోసుకోరు. వైనిసవు ఊళ్లో అపిసాయి చేమ చేనంటే అద్దంలా ఉంటుందని పేరు. తవేయుని దీవిలో వాన పడని వారముండదు. ఆ వానకు చేమ జానెడు లేస్తే కలుపు మూరెడు లేస్తుంది. అందులోనూ ఒక తెల్లపూల తీగ ఉంది. నిమిషానికో మైలు పాకుతుందని తెల్లవాళ్లు దానికి పేరు పెట్టారు. దాంతో వేగిన వాళ్లెవరూ ఆ పేరు ఎచ్చులకు పెట్టారని అనరు. ఊళ్లో మిగతా రైతులంతా వీపున పంపు తగిలించుకుని దానికి కలుపు మందు కొడతారు. అపిసాయి ఒక్కడే చేత్తో లాగుతాడు.

ఒకప్పుడు అతనూ కొట్టాడు. కొట్టినన్నాళ్లు హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. పొద్దున్న పంపు తగిలించుకుంటే మధ్యాహ్నానికల్లా పని అయిపోయేది. చేను కింద ఏటి గట్టున అడవి కూర మొలిచేది, సుళ్లు తిరిగిన లేత చిగుళ్లతో. వాళ్లమ్మ అది కోసుకొచ్చి కొబ్బరిపాలల్లో ఉడికించేది. ఒక ఏడు ఆ గట్టు గట్టంతా మాడి ఎర్రబడింది. ముసలామె ఖాళీ బుట్టతో ఇంటికొచ్చి, ఒక్క మాటైనా అనకుండా డబ్బా చేపలు విప్పి కొడుక్కి వడ్డించింది. తిట్టి ఉంటే బాగుండేదని అపిసాయి ఇప్పటికీ అంటాడు. ఆ తర్వాత పంపు ఎవరికో ఇచ్చేశాడు.

పంపు ఇచ్చేశాడు సరే, నోరు కూడా కట్టేసుకుంటే బాగుండేది. వెరెతి అని మేనమామ కొడుకున్నాడు. బావ వరస. న్యూజీలాండుకు ఓడలెక్కే చేమంతా అతని చేలోదే, మందంతా అతని వీపు మీదిదే. బావాబావమరుదుల మధ్య మాటకు అడ్డేముంది? నలుగురూ కూర్చుని యంగోనా వేరు దంచి, మత్తుకు నీళ్లలో పిసుక్కుని తాగే ప్రతి సాయంత్రమూ అపిసాయి అతని మీద పడేవాడు.

"నీ చేమ తింటే కడుపులో నులిపురుగులు కూడా చస్తాయంట గదా బావా. డాక్టరుతో పన్లేదు."

"నీ చేను అద్దంలాగుంది, నీ నడుం అప్పడంలాగుంది" అనేవాడు వెరెతి. "ఇంతకీ గెలిచిందెవరో చెప్పు."

అందరూ నవ్వేవాళ్లు. అపిసాయి కూడా నవ్వేవాడు. లోపల మాత్రం తన చేను చూసుకుని ఒక అంగుళం పొడుగు పెరిగేవాడు, అంత అతిశయం.

అలాంటి రోజుల్లో ఊరి దొర కన్నుమూశాడు. దొర పోతే ఏటికి కట్టు వేస్తారు. పైన చేల దగ్గర్నుంచి కింద సముద్రం కలిసేదాకా ఆ ఏట్లో ఎవరూ వల వెయ్యకూడదు, చెయ్యి పెట్టకూడదు, కాళ్లు కూడా కడుక్కోకూడదు. గట్టున ఒక గుంజ పాతి, కొబ్బరాకులు చుట్టి, దొర బట్ట ఒకటి కడతారు. నూరో రాత్రి గడిచాక కట్టు విప్పి, అన్నాళ్లూ ఎవరి చెయ్యీ పడక పెరిగిన రొయ్యలు పట్టి, దొర పేరు మీద ఊరంతా భోంచేస్తుంది. రొయ్యలు పట్టే వంతు లొసాలిని పుట్టింటి ఆడవాళ్లది. చేమ తెచ్చే వంతు అపిసాయి వంశానిది. తాతల నాటి నుంచీ అంతే. ఆ రోజు చేమ చిన్నబోయిందంటే ఆ వంశం తల చిన్నబోయినట్టే.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. దొర పోయిన ఇంట్లో ఆ వంశం మగవాళ్లు వారాల తరబడి కూర్చోవాలి. వచ్చేవాళ్లను పలకరించాలి, పందుల్ని కొయ్యాలి, యంగోనా కలపాలి. అన్నాళ్లూ చేను వైపు వెళ్లేది లేదు. వెళ్లేటప్పటికి తీగ అపిసాయి చేమ ఆకుల మీద దుప్పటి కప్పేసింది. దానికి తోడు పంది మోసిన రోజే నడుం పట్టేసింది. ఒక వరస లాగేసరికి వెనక వరసలో మళ్లీ చిగురు కనపడేది. మోకాళ్ల మీద నడిచి లాగాడు, పడుకుని లాగాడు. దుంప పట్టి చూస్తే పిడికిలంతే ఉంది. చేమకు వెలుతురు తగలకపోతే దుంప ఎలా ఊరుతుంది? పదిమందిని చేను పనికి పిలవచ్చు, ఆ ఆచారమూ ఉంది. కానీ పిలిచేది ఎవర్ని? తను ఇన్నేళ్లూ వెక్కిరించినవాళ్లనే కదా. ఆ నోటితో ఈ మాట ఎలా అడగను అనుకున్నాడు.

అడక్కుండానే వెరెతి వచ్చాడు. పంపూ, మందు డబ్బా అరుగు మీద పెట్టాడు.

"ఎగతాళికి రాలేదు బావా. దొర ఇంటి ముందు నీ పరువు పోతే నాదీ పోతుంది. ఒక్క పొద్దు పని. నేల తగలంగానే మందు చచ్చిపోద్దని షాపువాడు ఒట్టేసి చెప్పాడు."

"చచ్చిపోద్దని షాపువాడికి ఎవరు చెప్పారు?"

"డబ్బా మీద రాసుంది."

తెచ్చి ఇచ్చిన దాన్ని వెనక్కి పంపడం ఆ ఊళ్లో మర్యాద కాదు. పంపు అరుగు మీదే ఉండిపోయింది. అతను దాని చుట్టూ తిరిగాడు. వంటింట్లోకి వెళ్తే అది కనపడేది, పందుల దొడ్లోకి వెళ్తే గుర్తొచ్చేది. మందు కొడితే చేమ బతుకుతుంది. చేను కిందే ఏరు, ఏట్లో దొర రొయ్యలు. కొట్టకపోతే ఏరు బతుకుతుంది, చేమ పోతుంది, వంశం పేరు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అమ్మ ఖాళీ బుట్ట ఒకసారి, దొర ఇంటి ముందు తను పరవబోయే పిడికిలంత దుంపలు ఒకసారి కళ్ల ముందు ఆడేవి. అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేవాడు. లొసాలిని చూసి చూసి, ఏదో ఒకటి చెయ్యి, నీ తిరుగుడుతో అరుగు అరిగిపోతోందని విసుక్కుంది.

చివరికి ఒక తెల్లవారుజామున పంపు ఎత్తుకున్నాడు. తనకు తాను ఒక ఒప్పందం చెప్పుకున్నాడు: పై మళ్లకే మందు, ఏటి వైపు మళ్లు చేత్తోనే. గాలి లేని పొద్దు చూసుకుని, నాజిలు నేలకానించి, బిడ్డకు నీళ్లు పోసినంత జాగ్రత్తగా కొట్టాడు. మధ్యాహ్నానికి ఆ దీవి తన అలవాటు మర్చిపోకుండా కుండపోత వాన కురిసింది. పై మళ్ల నీళ్లు కింది మళ్లలోకి, కింది మళ్ల నీళ్లు ఎర్రగా ఏట్లోకి దిగాయి. నీళ్లకు అతని ఒప్పందం ఎవరు చెప్పారు?

తీగ చచ్చింది. చేమ ఊపిరి పీల్చుకుని లేచింది. అపిసాయికి మాత్రం నిద్ర కరువైంది. రొయ్యలు ఉన్నాయో పోయాయో తెలియాలి. తెలుసుకోవాలంటే ఏట్లో చెయ్యి పెట్టాలి, పెడితే కట్టు తప్పినట్టు. రోజూ గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్లలోకి తొంగి చూసేవాడు. వానలకు నీళ్లు మట్టిరంగు తిరిగి అడుగు కనపడేది కాదు. ఒకసారి కొబ్బరి కోరు చిటికెడు విసిరితే రొయ్యలు పైకొస్తాయేమో అనిపించింది. విసరబోయి ఆగాడు. మేత వేస్తే ఎర వేసినట్టే, ఎర వేస్తే వేట ఆడినట్టే. ఆ కోరు గుప్పిట్లో పట్టుకుని ఇంటిదాకా నడిచొచ్చి కోళ్లకు వేశాడు.

ఇంట్లో మాట్లాడటం తగ్గించేశాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది అతని పని. లొసాలినికి తెలియదనుకున్నాడు. ఆమె అతని పని చొక్కా ఉతికి, వీపు మీద పంపు పట్టెల మేర పడ్డ నీలం మందు మరక కొళాయి కింద రుద్ది రుద్ది, పోకపోయేసరికి చొక్కాని పొయ్యిలో పెట్టింది. ఏమీ అడగలేదు. మళ్లీ ఒక ఆడది ఏమీ అడగకపోవడం అతనికి భరించరానిదైంది. ఒక ఉదయం యంగోనా వేర్ల కట్ట చంకన పెట్టుకుని పెనియోనా తాత ఇంటికి బయల్దేరాడు.

దొర మాట ఊరికీ, ఊరి మాట దొరకూ చేర్చే పెద్ద ఈ పెనియోనా తాత. తప్పు చేసినవాడు వేర్లు తెచ్చి ఆయన ముందు పెట్టి ఒప్పుకోవాలి. ఆయన ముట్టుకుని పుచ్చుకుంటే ఆ తప్పు అక్కడితో సరి. ఇక దాన్ని ఎవరూ ఎత్తకూడదు, చేసినవాడైనా సరే. అపిసాయి గడపలోనే మోకాళ్ల మీద కూలబడి, తల దించుకుని, కట్టు పడిన ఏటి పైన మందు కొట్టానని చెప్పాడు. వాన సంగతీ చెప్పాడు. ఏమీ దాచలేదు.

తాత వేర్లు ముట్టుకుని, అరచేతులు గుల్లగా మడిచి మెల్లగా చప్పట్లు చరిచాడు. పుచ్చుకున్నట్టు.

"ఆ మూలన పెట్టు నాయనా" అన్నాడు.

అపిసాయి తల ఎత్తి మూలకు చూశాడు. అక్కడ అప్పటికే వేర్ల కట్టలు గోడకానుకుని పేర్చి ఉన్నాయి. ఒక కట్టకు చుట్టిన ఎర్ర నైలాను తాడు వెరెతి పడవది.

"ఇవన్నీ..." అన్నాడు అపిసాయి.

"గుట్ట మీద చేనున్న ప్రతివాడూ వచ్చాడు. ప్రతివాడూ నేనొక్కణ్ణే అనుకుని వచ్చాడు. దొర భోజనానికి యంగోనాకైతే లోటు లేదు నాయనా. రొయ్యల సంగతే నాకు తెలీదు."

అపిసాయికి గుండె తేలికపడాలి కదా. పడలేదు. ఒకడు కొట్టిన మందు వాన కడిగేసిందని సరిపెట్టుకోవచ్చు. గుట్టంతా కొడితే ఏ వాన కడుగుతుంది, కడిగి ఎక్కడికి తీసుకుపోతుంది? తను వెక్కిరించినన్నాళ్లు వాళ్లు బాహాటంగా కొట్టారు. ఇప్పుడు వాళ్లు భయపడి వేర్లు తెచ్చారు, తనూ తెచ్చాడు. మందు కొట్టనివాడు ఇంకెవరు మిగిలారని అతనికి దిగులు పట్టుకుంది.

కట్టు విప్పిన రోజు ఊరు ఊరంతా గట్టు మీద చేరింది. గుంజ పీకారు. లొసాలిని, ఆమె పుట్టింటి ఆడవాళ్లు వలలు పట్టుకుని పాటతో నీళ్లలోకి దిగారు. మొదటి వంపు దాటేసరికి పాట సన్నబడింది. రెండో వంపు దగ్గర ఆగిపోయింది. రొయ్యలు అసలు లేకపోలేదు, ఉన్నాయి. దొర కుటుంబం కూర్చునే చాపకు సరిపడా వచ్చాయి, అవీ వేలెడంతవి. ఈ ఏడు వరదలెక్కువని ఒకరన్నారు. అవునవును, వరదలేనని గుట్ట మీది రైతులంతా ఒక్కసారే అన్నారు. అంత తొందరగా ఎందుకన్నారో అపిసాయికి తెలుసు. ఊరికి డబ్బా చేపలు విప్పారు.

చేమ మాత్రం అదిరింది. నేలపొయ్యి తవ్వి తీసిన అపిసాయి దుంపలు రెండు చేతులు నిండాయి, లోపల ఊదారంగు జీర తేలి పొగలు కక్కాయి. చూసినవాళ్లంతా తలలాడించారు. దొరసానమ్మ, పోయిన దొర భార్య, ముందున్న పళ్లెం పక్కకు జరిపి చెయ్యి చాచింది.

"నాకు అపిసాయి చేలోది పెట్టండి. ముసలి కడుపు, మందు చేమ పడదు. చేత్తో కలుపు పీకినోడి దుంప ఒక్కటుంటే చాలు."

వెరెతి నేల చూపు చూశాడు. పెనియోనా తాత అపిసాయి వైపు సూటిగా చూశాడు. తప్పు పుచ్చుకున్నాను, అయిపోయింది, నోరు మూసుకో అని ఆ చూపు చెబుతోంది. ఆచారమూ అదే చెబుతోంది. అపిసాయి కూర్చోలేకపోయాడు. మోకాళ్ల మీద రెండడుగులు ముందుకు జరిగాడు.

"అమ్మా, అది తినొద్దు. అదీ మందు చేమే. నేనే కొట్టాను."

దొరసానమ్మ చేతిలోని ముక్కను చూసింది. అపిసాయిని చూసింది. వరసగా కూర్చున్న రైతుల్ని ఒక్కొక్కణ్ణి చూసుకుంటూ పోయింది. ఒక్కడూ తల ఎత్తలేదు.

"అయితే ఇంకెవరి చేలోది తినమంటావు నాయనా?" అని అడిగింది.

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. ఆమె ఆ ముక్కనే తుంచి నోట్లో పెట్టుకుంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు మరి.

అపిసాయి వెనక్కి వచ్చి లొసాలిని పక్కన కూలబడ్డాడు. వేళ్లు వాటంతటవే చాప అంచు పోగులు పీకడం మొదలెట్టాయి. లొసాలిని చూసింది. ఈసారి మోచేత్తో పొడవలేదు.