ప్రొజెక్టరుకు పెట్టిన బొట్టు

నాలుగేళ్ల కిందటి మాట. పామర్రు దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. సుద్దముక్కతో నేను గీసే గుండె వంకాయలా ఉంటుంది. పిల్లలు పరీక్షల్లో వంకాయలే గీస్తున్నారు. బీరువాలో మగ్గుతున్న స్లైడు ప్రొజెక్టరు ఇమ్మని హెడ్‌మాస్టరు గారితో ఏడాది పాటు పోట్లాడాను. చివరికి దసరా సెలవులయ్యాక, "డి.ఇ.ఓ. గారి ఎదుట పాఠం చెప్పండి. కుదరకపోతే అది మళ్లీ బీరువాలోకే" అన్నారాయన.

ఆ రోజు కిటికీలకు దుప్పట్లు కట్టి, పిల్లల్ని చీకట్లో కూర్చోబెట్టి స్విచ్ వేశాను. గోడ మీద గుండె బొమ్మకు బదులు ఎర్రటి మసక కమ్ముకుంది.

"రక్తమా టీచర్?" అంది ముందు బెంచీ పిల్ల.

చూస్తే, ఆయుధపూజ నాడు ప్యూను ప్రొజెక్టరు అద్దం నిండా గంధం పూసి, మధ్యలో కుంకుమ పెట్టాడు. తుడవబోతే హెడ్‌మాస్టరు గారు అడ్డుపడ్డారు.

"పూజ చేసిన బొట్టమ్మా. చెరిపితే స్కూలుకు అరిష్టం."

డి.ఇ.ఓ. గారు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాకు ఒళ్లు మండింది.

"మా ఆయన పోయిన పదో రోజున నా బొట్టు చెరపడానికి చుట్టాలంతా లేచారండీ. అప్పుడెవరికీ అరిష్టం గుర్తు రాలేదు" అని కొంగుతో అద్దం తుడిచేశాను.

గోడ మీద గుండె నాలుగు గదులతో సహా కనిపించింది. వెనక బెంచీల వాళ్లు లేచి నిలబడి మరీ చూశారు.

ఆ అరిష్టం కోసం ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నాను. ఇంతవరకు జరిగిందల్లా, ఆ సాయంత్రం హెడ్‌మాస్టరు గారు బీరువా తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోవడమే.