అవ్వ పిడకల గంప

సజీవుడైన దేవునికి స్తోత్రం. ఎండలోనూ మంచులోనూ నన్ను కాచిన ఆయన నామానికే మహిమ.

మొన్న అల్లూరులో మా సంఘపు ప్రేమవిందుకు ముందు, పెద్దవాణ్ణని నన్ను ప్రార్థన చేయమంటే ఒక్క మాటతో ముగించాను. అందరూ వింతగా చూశారు గాని, మా అక్క భర్త, బావ మాత్రం తల వంచుకుని నవ్వుకున్నాడు.

వయసులో ఉండగా బావా నేనూ లద్దాఖ్ రోడ్డు పనులకు వెళ్ళాం. చూపు ఆనినంత మేర ఊరూ చెట్టూ కనపడని ఆ చలి దేశంలో, ఒకసారి మంచు దారి మూసేసి మేమెక్కిన లారీ ఆగిపోతే, ఒంటరి ఇంట్లో ఉన్న ఒక అవ్వ మమ్మల్ని లోపలికి పిలిచి, దారి తెరుచుకునేదాకా ఉంచుకుంది. కట్టె పుట్టని ఆ చోట, వేసవంతా ఏరి ఎండబెట్టిన జడలబర్రె పిడకలే ఆమెకు చలికాలం గడిచే ఆధారం.

ఆమె బార్లీ జావ పోయగానే నేను కళ్ళు మూసుకుని, మా నాయన నేర్పినట్టు, ఆదాము మొదలుకొని అందరినీ తలచుకునేవాణ్ణి. ఏలీయాకు తన చివరి పిండితో రొట్టె చేసి పెట్టిన సారెపతు విధవరాలిని కూడా. కళ్ళు తెరిచేసరికి జావ పొగలు కక్కుతుండేది. దేవుని కృప అనుకున్నాను.

"కృపేందిరా, పిడకలు! నువ్వు కండ్లు మూస్తానే చల్లారిపోతాదని ఆ యవ్వ మళ్ళీ పొయ్యి మీద పెడతా ఉండాది. నీ ప్రార్థనకి ఆమె గంప అడుగంటిపోయినాది, పోయి చూడు" అన్నాడు బావ.

భక్తి లేనివాడని కసిరి, ఆ పూట అవ్వ రక్షణ కోసం ఇంకాస్త పొడవుగా ప్రార్థించాను.

మరునాడు ఆమె తాను పడుకునే చెక్కపలక విరిచి పొయ్యిలో పెట్టడం చూశాను. గంప ఖాళీ. సిగ్గుతో "స్తోత్రం ప్రభువా" అని మాత్రం అనుకుని గిన్నె అందుకున్నాను. తొందరలో నా దేవుణ్ణి మరిచాననుకుందేమో, ఆమె గిన్నె మెల్లగా నా చేతిలోంచి తీసుకుని, పొయ్యి మీద పెట్టి, తనూ చేతులు జోడించి నా కోసం ఎదురుచూసింది.

దారి తెరుచుకున్నాక లారీలోని చెక్కపెట్టెలన్నీ పొయ్యిలోకని ఆమె వాకిట్లో దించి వచ్చాం గాని, ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇప్పుడు మీట తిప్పితే పొయ్యి వెలుగుతుంది, మా ప్రార్థనలకు మైకులూ వచ్చాయి. మనం కళ్ళు మూసుకున్నప్పుడు ఎవరి గంప తరిగిపోతోందో కనపడే రోజులు పోయాయి.

ఆ అవ్వ ఈపాటికి ఉండదు. అలాంటి ఇళ్ళల్లో పొయ్యి ఆరకూడదని, ప్రియులారా, నాతో కలిసి ప్రార్థించండి. కళ్ళు మాత్రం తెరిచే ఉంచండి.