బొటనవేళ్ల పాఠం

ఆ రోజు నేను క్లాసులో అబద్ధం చెప్పాను. పైగా దాన్ని పట్టుకున్న పిల్లను బెంచీ ఎక్కించాను. రెండూ తప్పులే కానీ, ఇప్పటికీ నాకు సిగ్గేసేది రెండోదానికి.

స్వరాజ్యం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా ఇల్లు పటమటలో. ఉద్యోగం బందరు దారిలో, కాలవ పక్కనున్న చిన్న ఊరి హైస్కూల్లో. రోజూ బొగ్గుతో నడిచే బస్సులో వెళ్లి, చొక్కా నిండా మసితో చరిత్ర చెప్పేవాణ్ణి. కిందటి సంవత్సరం దాకా కంపెనీవారు దేశానికి శాంతిభద్రతలు తెచ్చారని చెప్పిన నోటితోనే ఇప్పుడు వాళ్లను తిట్టాలి. పాత పుస్తకం పనికిరాదన్నారు. కొత్తది మద్రాసు నుంచి రాలేదు. దేశానికి ఆగస్టులో వచ్చిన స్వాతంత్ర్యం నాకు ఆ పుస్తకం రాని నెలల్లో వచ్చింది.

ఆనాటి పాఠం నేతపని ఎలా దెబ్బతిన్నదీ అని. కంపెనీవాళ్లు బెంగాలులో ఎక్కడో నేతగాళ్ల బొటనవేళ్లు నరికించారని ఒక సభలో విన్నాను. నిజమో కాదో విచారించలేదు. దాన్ని తెచ్చి మా కాలవగట్టు మీదే జరిగినట్టు చెప్పాను. మొదటి పీరియడులో వేరే క్లాసుకు చెప్పినప్పుడు ఒక్కొక్క నేతగాడికి ఒక బొటనవేలే పోయింది. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఆ రుచి మరిగి, మధ్యాహ్నం నాలుగో ఫారానికి వచ్చేసరికి రెండు చేతులవీ నరికించాను.

ఆ క్లాసులో ముగ్గురే ఆడపిల్లలు. వాళ్లలో నేతగాళ్ల అమ్మాయి లేచింది.

"మాస్టారండీ, అందరి వేళ్లూ నరికేస్తే కంపెనీకి బట్ట ఎవరు నేశారండీ?"

క్లాసంతా గొల్లుమంది. నాకు కోపం ముంచుకొచ్చింది. "ఓహో! నువ్వు కంపెనీ పక్షమన్నమాట. ఎక్కు బెంచీ!" అన్నాను. గంట కొట్టేలోపే మగపిల్లలు ఆ పిల్లకు 'దొరసానమ్మ' అని పేరు పెట్టేశారు.

మర్నాడు ఆ అమ్మాయి రాలేదు. హాయిగా పాఠం చెప్పుకున్నాను. మూడో రోజూ రాకపోతే పక్కన కూర్చునే పిల్లను అడిగాను.

"వాళ్ల నాన్న మానిపించేశాడండీ. ఒక్క మాట వచ్చినా బడి బందని ముందే అన్నాడంట. ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతోందండీ."

ఆ సాయంత్రం నేతగాళ్ల వీధికి వెళ్లాను. తండ్రి మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. అమ్మాయి రాట్నం దగ్గర నుంచి నన్ను చూసి, చూడనట్టు చక్రం మరింత జోరుగా తిప్పింది.

"రండి పంతులుగారూ," అన్నాడాయన, పడుగులో అటూ ఇటూ ఆడే నాడె ఆపకుండానే. "తమరికి ఎదురు చెప్పిందంటగా."

"ఎదురు చెప్పలేదండీ, ప్రశ్న వేసింది. నా దగ్గర జవాబు లేదు."

నాడె ఆగింది. "ఇంట్లో మేం అనుకునేదే అక్కడ వాగిందండీ. మా ముత్తాత చెప్పేవాడంట: బయటివాళ్లకి నేయకుండా గుమ్మంలో కంపెనీ బంట్రోతును కూర్చోబెట్టేవారంట. ఆ బంట్రోతుకి భోజనం కూడా మేమే పెట్టాలంట! పప్పులో ఉప్పు చాలకపోతే కసిరేవాడంట కూడానూ. ఆనక మిల్లుబట్ట దిగింది. వేళ్లు వేళ్లకాడే ఉన్నాయి, పని పోయింది."

ఆయన ఒక నూలుపోగు తీసి నా కుడి బొటనవేలిని అరచేతికి కట్టేశాడు. మగ్గం మీది పడుగులో తెగిన పోగు చూపించి, "ముడెయ్యండి చూద్దాం," అన్నాడు.

ఎంతసేపు పెనుగులాడినా ముడి పడలేదు. రాట్నం దగ్గర కిసుక్కుమని నవ్వు.

"నవ్వకే! ఆయన పంతులుగారు," అని తండ్రి కసిరాడు, తానూ నవ్వాపుకుంటూ. "చూశారుగా. వేలు పోతే బట్ట లేదు. అంత తెలివితక్కువాళ్లంటారా దొరలు?"

"మీ అమ్మాయిని రేపు పంపండి," అన్నాను.

"పంపితే మళ్లీ అడుగుద్దండీ. దాని నోరు ఆగదు. తమరు మళ్లీ బెంచీ ఎక్కిస్తారు."

"ఈసారి నేనెక్కుతానండీ."

ఆయన నమ్మలేదు. నాకూ పూర్తి నమ్మకం లేదు. బస్సులో పటమట దాకా ఆ మాట ఎందుకన్నానా అనుకుంటూనే వచ్చాను.

మర్నాడు నాలుగో ఫారంలో అమ్మాయి చోటు ఖాళీగానే ఉంది. అయినా బెంచీ ఎక్కాను. మొన్న చెప్పింది నేను కల్పించిందనీ, బెంగాలు సంగతి నాకు తెలియదనీ, మన ఊరి సంగతి తెలిసినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారనీ చెప్పాను. బంట్రోతు భోజనం దాకా వచ్చేసరికి హెడ్మాస్టరుగారు కిటికీలోంచి తొంగి చూశారు.

"ఏమండోయ్, బెంచీ ఎక్కారు, పైన పెంకులు గానీ కారుతున్నాయా?"

"లేదండీ, పాఠం చెబుతున్నాను."

ఆయన తల ఊపి వెళ్లిపోయారు. అటు చూస్తే, తండ్రి వెనకాల గుమ్మంలో ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చారో తెలియదు. తండ్రి నన్ను కింది నుంచి పై దాకా చూసి, పిల్లను లోపలికి పంపి వెనుదిరిగాడు. 'దొరసానమ్మ' అనబోయిన కుర్రవాడు నా వైపు చూసి నోరు మూసుకున్నాడు.

అమ్మాయి కూర్చుని, పుస్తకాలు పక్కన పెట్టుకుని, చెయ్యెత్తింది.

"మాస్టారండీ, ఇంకో సందేహమండీ."

"అడుగమ్మా," అన్నాను. గంట కొట్టేదాకా బెంచీ దిగలేదు.