ఆకు లేని బీడీ

కోమలకు బీడీలు చుట్టుడు నేర్పింది కన్నతల్లి పోసవ్వనే. ముసలితనంల ఆమె బొటనవేలు, చూపుడువేలు ఊకె ఒకదాన్నొకటి రాసుకుంటుంటే, “అవ్వా, చేతుల ఆకు లేకున్నా చుట్టవడితివి!” అని కోమల నవ్వింది. అది పార్కిన్సన్స్ అని ఖానాపూర్ డాక్టర్ చెప్పేసరికి పోసవ్వ మంచం పట్టింది. నిద్రపోతేనే ఆ వేళ్లు ఆగేవి. అందుకే ఆ పొద్దు వేళ్లు ఆగంగనే కోమల దుప్పటి కప్పి, బీడీల చాట ఒళ్లో పెట్టుకొని పక్కనే కూసున్నది. పిలుసుకుంట వచ్చిన పక్కింటామెను వాకిట్లనే ఆపింది. “జర మెల్లగ, వదినా! అవ్వకు ఇప్పుడే కన్నంటుకున్నది.” మందు వేళకు లేపుదామని చెయ్యి పట్టుకుంటే చల్లగ తగిలింది. అవ్వ దినాలు అయిపోయినయి. ఇప్పటికీ కోమల ఆ ఖాళీ మంచం పక్కనే కూసోని, కత్తెర చప్పుడు కాకుండ ఆకు కత్తిరిస్తది.