కుడితి నీళ్ళ సూపు

ఆ రోజుల్లో నా చేతి వంట మీద నాకున్న నమ్మకం ఇప్పుడు తలుచుకుంటే కాస్త సిగ్గేస్తుంది, కాస్త ముచ్చటేస్తుంది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. పెళ్ళిళ్ళకి వండే మా మేనత్త పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ పెరిగినదాన్ని. బడి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది గానీ, వంటలో మాత్రం పెద్ద చదువే చదివానని అనుకునేదాన్ని. (ఇంత పొడుగు సంగతి కాగితం మీద పెట్టడం నాకు ఇదే మొదలు. మా తరం ఇంటికి ఉత్తరాలు కూడా రాయలేదు, అన్నీ ఫోన్లే. ఎక్కడైనా అక్షరం తప్పితే మీరే సర్దుకుని చదవండి.)

జెద్దాలో నేను పనిచేసిన ఇంట్లో పనివాళ్ళం ముగ్గురం. నేను బట్టలు, ఇస్త్రీ, ఇల్లు తుడవడం. కడప నుంచి వచ్చిన డ్రైవరు భాయ్ గారు. (భాయ్ అంటేనే అన్న అని, దాని వెనక మళ్ళీ గారు అక్కర్లేదని ఆయన ఎన్నిసార్లు చెప్పినా గోదావరి నోరు ఊరుకునేది కాదు.) మూడో మనిషి ఫిలిప్పీన్స్ ఆవిడ. ఆమెని నేను ఆతె అని పిలిచేదాన్ని, వాళ్ళ భాషలో అక్క అని. ఆతె పని మా మేడం వాళ్ళ అమ్మగారిని చూసుకోవడం. ఆ పెద్ద మేడం ఆసుపత్రి నుంచి వచ్చాక నెయ్యి వాసన, మాంసం వాసన వస్తే చాలు మొహం తిప్పేసేది. మధ్యాహ్నం ఆతె చేసే కూరగాయల సూపు ఒక్కటే ఆవిడ నోట్లోకి వెళ్ళేది.

ఆ సూపు చూస్తే నాకు జాలేసేది. గుమ్మడికాయ ముక్కలు, వంకాయ, బెండకాయ, బొబ్బరికాయలు, చిన్న అల్లం ముక్క, ముడి వేసిన నిమ్మగడ్డి, ఆఖరున దించే ముందు గుప్పెడు మునగాకు. అన్నీ మనకి తెలిసినవే. అయితే నూనె చుక్క లేదు, పసుపు లేదు, కారం లేదు, ఆవగింజ చిటపటమన్న చప్పుడు లేదు. పులుసుకని కూరలు తరిగి పొయ్యి మీద పెట్టి, మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయినట్టు ఉండేది. ఆతె మాత్రం దాన్ని పాయసం తీసుకెళ్ళినంత జాగ్రత్తగా మేడ మీదకి తీసుకెళ్ళేది.

ఆతెకి ఒక కూతురు. పది నెలల పిల్లని తన అమ్మ దగ్గర వదిలి వచ్చింది. మధ్యలో ఒక్కసారే వెళ్ళి చూసింది. ఆ పిల్లకి అప్పటికి బడి ఈడు వచ్చింది. జూన్‌లో బడి తెరిచే రోజు చెయ్యి పట్టుకుని తనే తీసుకెళ్ళాలని ఆతె కోరిక. నల్ల బూట్లు, తెల్ల మేజోళ్ళు ముందే కొని మంచం కింద అట్టపెట్టెలో పెట్టుకుంది. రెండు నెలల సెలవు అడిగితే మేడం కాదనలేదు. కానీ అంది కదా, "మీ అమ్మాయికి బడి మొదటి రోజు ఒక్కటే. మా అమ్మకి మధ్యాహ్నం రోజూ వస్తుంది. ఆ సూపు ఇంకెవరి చేత్తో అయినా ఆవిడ తాగితే, ఆ రోజే నీకు రీ-ఎంట్రీ వేయిస్తాను." (రీ-ఎంట్రీ అంటే ఊరెళ్ళి మళ్ళీ రావడానికి యజమాని తీయించే అనుమతి, అది లేనిదే విమానం ఎక్కనివ్వరు.) విమానం గురువారం. ఆ మాట అన్నది శనివారం.

ఇంకెవరి చెయ్యి ఉంది, నాదే. "నేను చేస్తా ఆతె, నువ్వు పెట్టె సర్దుకో," అన్నాను. ఉడకబెట్టిన నీళ్ళకి కూడా పరీక్షా అని మనసులో నవ్వుకున్నాను.

ఆతె నన్ను పక్కన నిలబెట్టి నేర్పింది. మా ఇద్దరికీ కలిసిన భాష వంటింటి అరబీ ఒక్కటే, అందుకని నేను తెలుగు చేసి రాస్తున్నాను. "ముందు బియ్యం కడుగు," అంది. కడిగాను. "ఆ నీళ్ళు పారబోయి." పోశాను. "మళ్ళీ కడుగు. ఇప్పుడు ఈ నీళ్ళు గిన్నెలో పట్టుకో. సూపు దీంతోనే."

నేను ఆ తెల్లటి నీళ్ళకేసి చూశాను. మా ఇంట్లో ఆ నీళ్ళు తొట్టిలో పోసి, తవుడు కలిపి గేదెకి పెడతాం. కుడితి అంటాం. మా గేదె మూతి ముంచి జుర్రున పీల్చే చప్పుడు నా చెవుల్లో వినిపించింది. ఇన్నాళ్ళూ ఈ పెద్దావిడ తాగుతున్నది ఇదా అనుకున్నాను. పైకి మాత్రం, "సరే ఆతె, అర్థమైంది," అని తల ఊపాను. నా చేత్తో ఒక ముసలి మనిషికి కుడితి పోయను అని అప్పుడే తీర్మానం చేసేసుకున్నాను. ఎవరికీ తెలియకుండా సీసాల్లో వచ్చే మంచినీళ్ళు పోసి, అంతకంటే శుభ్రంగా చేసి మెప్పిద్దామని నా ఆలోచన.

ఆదివారం మంచినీళ్ళు పోసి చేశాను. చేసి ఊరుకోవచ్చు కదా. దించేటప్పుడు చెయ్యి దానంతట అదే పోపు గరిట మీదకి వెళ్ళింది. కొంచెమే, నాలుగు ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు. వాసన నాకంటే ముందు మేడ ఎక్కేసింది. పెద్ద మేడం గిన్నె చూడకుండానే, "ఇది హిందీవాళ్ళది. వాళ్ళకే ఇవ్వు," అంది. (ఇక్కడ మనందరినీ హిందీ అనే అంటారు.) ఆ పూట ఆవిడ రెండు ఖర్జూరాలు, సగం గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకుంది.

సోమవారం పోపు గరిట బీరువాలో దాచేశాను. మళ్ళీ మంచినీళ్ళే. ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని కాసేపు అలాగే ఉంచుకుంది. తర్వాత మింగి, "ఇది అది కాదు," అని గోడ వైపు తిరిగి పడుకుంది. మంగళవారం గుమ్మడికాయ రెట్టింపు వేశాను. మూడు చెంచాలు తాగి, "ఖలాస్," అంది.

ఉప్పు చాలిందో లేదో నేనే ఒక చుక్క చూసుకుంటే పోయేది. మా మేనత్త నేర్పిన మొదటి పాఠం, వండుతూ రుచి చూస్తే ఎంగిలి అని. ముక్కుతో చూడాలి, చేత్తో చూడాలి, నాలికతో చూడకూడదు. అలా మూడు రోజులు రుచి తెలియని సూపు చేసి, రుచి బాగుండలేదన్న ముసలావిడ మీద కోపం తెచ్చుకున్నాను.

గేటు దగ్గర కారు తుడుస్తూ భాయ్ గారు ఊరుకునేవారా. "ఏం పాపా, ఈ పొద్దు పాసా ఫెయిలా?" అని అడిగారు.

"ఆవిడకి నాలిక చచ్చిపోయిందండి భాయ్ గారూ. నా వంట తిని బాలేదన్నవాళ్ళు మా ఊళ్ళో లేరు."

"మీ ఊర్లో లేరులే. మీ ఊరు ఈడ లేదు గదా. ఆ ఫిలిప్పినామె ఎట్ల చెప్పిందో అట్లే చేస్తివా?"

"అట్లే చేశాను," అన్నాను.

"అట్ల చేసింటే ముసిలామె తాగుండేది," అని ఆయన గుడ్డ పిండుకుంటూ పోయారు. ఆ మాట పొద్దుపోయేదాకా నా వెంటే తిరిగింది.

ఆతె కూడా అడిగింది. మిగిలిన సూపు ఒక చెంచా రుచి చూసి, నా మొహంలోకి చూసి, "రెండో కడుగు నీళ్ళు పోశావా?" అంది. పోశానన్నాను. "బియ్యం మారిందేమో," అంది పాపం. నన్ను అనుమానించలేదు, బియ్యాన్ని అనుమానించింది. మళ్ళీ నేనే, "అవును, ఈ మూట బాలేదు," అని తోక తగిలించాను.

బుధవారం పొద్దున ఇస్త్రీ బట్టలు పెట్టడానికి మా గదిలోకి వెళ్ళాను. ఆతె నేల మీద కూర్చుని ఆ అట్టపెట్టెకి టేపు వేస్తోంది. పక్కింట్లో పనిచేసే వాళ్ళ దేశపు ఆవిడ ఆ రాత్రికే ఊరెళుతోందట, ఆమె చేతికి ఇచ్చి పంపుతానంది. "బూట్లయినా వేళకి చేరాలి కదా," అంది. ఏడవలేదు. టేపు ఒక కొస అంటుకోకపోతే వేలితో పదే పదే రుద్దుతోంది. ఐదో తరగతి దాకా నన్నెవరూ బడికి తీసుకెళ్ళలేదు, నాకు నేనే పోయేదాన్ని. ఆతె కూతురికి తీసుకెళ్ళే మనిషి ఉండీ, నా మంచినీళ్ళ వల్ల ఆ ప్రయాణం ఆగిపోతోంది.

"ఆతె, నేను ఆ నీళ్ళు పోయలేదు," అన్నాను.

"ఏ రోజు?"

"ఏ రోజూ."

ఆమె టేపు పక్కన పెట్టింది. ఎందుకంది. ఇక దాచి ఏం లాభం. మా ఊళ్ళో అది గేదెకి పెడతామని, మనిషికి పెట్టాలంటే నాకు చెయ్యి రాలేదని, నాకు వచ్చిన అరబీ అంతా వాడి చెప్పాను. గేదెకి అరబీ మాట రాక, నెత్తి మీద రెండు చేతులూ కొమ్ముల్లా పెట్టి చూపించాల్సి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుణ్ణనుకున్నాను కూడా. ఆతె నా కొమ్ములకేసి చూసింది. తర్వాత అడిగింది, "మీ గేదె బాగుందా?"

"బాగుంది."

"పాలిస్తుందా?"

"రెండు పూటలా."

"మరింకేం," అంది. "లే, బియ్యం కడుగు."

ఆ రోజు ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఏదీ ముట్టుకోలేదు. మేడం ఒప్పుకోవాలంటే చెయ్యి నాదే అవ్వాలి. మొదటి నీళ్ళు పారబోశాను, రెండో నీళ్ళు పట్టాను. పొయ్యి మీద అవి కాగుతుంటే చిక్కబడి, గుమ్మడికాయ కరిగి, మునగాకు వేసేసరికి ఏదో ఇల్లులాంటి వాసన వచ్చింది. అది ఎవరి ఇల్లో నాకు తెలియదు. గిన్నె నేనే తీసుకెళ్ళాను. పెద్ద మేడం మొదటి చెంచా మింగి, నా మొహం చూసి, గిన్నెని రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది. గిన్నె అడుగు కనిపించేదాకా మళ్ళీ తల ఎత్తలేదు. మేడం తలుపు దగ్గర నుంచే చూసి, కిందకి దిగి, ఫోన్ తీసి బాబాకి రీ-ఎంట్రీ మాట చెప్పింది. బాబా అంటే ఇంటాయన, ఆ కాగితాలన్నీ ఆయన ఫోన్లోనే అవుతాయి.

నేను వంటింట్లోకి వచ్చి, వండిన గిన్నెలో అడుగున మిగిలిన నాలుగు చెంచాలు మొదటిసారి తాగి చూశాను. చెప్పొద్దూ, బాగుంది. ఉప్పు ఒక్కటే కాస్త తగ్గిందనిపించింది.

గురువారం ఆతె వెళ్ళింది. అట్టపెట్టె తన చేత్తోనే పట్టుకుంది, సామానులో వేయనివ్వలేదు. తర్వాత మధ్యాహ్నాలు నేననుకున్నంత సులువుగా గడవలేదు. పెద్ద మేడానికి సూపు నచ్చింది గానీ, పక్కన కూర్చుని నోరు తుడిచే మనిషి నచ్చలేదు. "ఆ అమ్మాయేది?" అని అడిగేది. కొన్ని రోజులు గిన్నె ఖాళీ చేసేది, కొన్ని రోజులు సగంలో ఆపేసేది.

బడి తెరిచిన రోజు ఫోన్లో ఫోటో వచ్చింది. గేటు ముందు ఆతె, ఆమె కాలికి రెండు చేతులూ చుట్టుకుని మొహం దాచుకున్న పిల్ల. పిల్ల మొహం కనపడలేదు, నల్ల బూట్లు మాత్రం బాగా కనిపించాయి. కింద ఇంగ్లీషులో ఏదో రాసింది. భాయ్ గారి దగ్గరికి తీసుకెళ్ళి చదివించుకున్నాను.

"ముసిలామె బాగా తాగుతాండాదా అని అడుగుతాంది," అన్నారాయన. "ఏం చెప్పమంటావు?"

ఆ పూట పెద్ద మేడం అర గిన్నెలో ఆపేసింది. అది చెబితే ఆతె ఏం చేస్తుందో నాకు తెలుసు, సెలవు సగంలో తిరిగొచ్చేస్తుంది. "రెండు గిన్నెలు తాగిందని పెట్టండి," అన్నాను. ఆయన నన్నొక చూపు చూసి, అలాగే కొట్టారు.

ఇప్పుడు నాకు ముప్పై ఐదు దాటాయి, జెద్దాలోనే వేరే ఇంట్లో వంట చేస్తున్నాను. మంచినీళ్ళు పోసి కడుగు నీళ్ళు పోశానన్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్లని తలుచుకుంటే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. ఆ రెండు గిన్నెల సంగతి మాత్రం ఆతెకి నేను ఇప్పటికీ చెప్పలేదు. ఎప్పుడైనా అడిగితే మూడనే చెబుతాను.